సున్నం గీత

మధ్యాహ్నం మూడున్నర. ముసురు. తెల్లవారుజాము నుంచీ పడుతూనే ఉంది.

ఆఫీసులో పర్మిషన్ పెట్టి ఇంటికొచ్చాను. గేటు తీసేసరికి మా గుమ్మం ముందు మెట్టు మీద దస్తగిరి గారు కూర్చుని ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. భుజాలు తడిసిపోయాయి. ఒళ్ళో ఆకువక్కల పెట్టె, దాని మీద రెండు చేతులు.

మా ఆయన చలపతికి గురువు ఆయనే. చీరాలలో పాత మైకు సెట్టు షాపు ఆయనది. మా ఆయన పద్నాలుగో ఏట వేసవి సెలవుల్లో ఆ షాపులో చేరి వైరు అతకడం నేర్చుకున్నారు. ఇప్పుడు తనే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతారు. అయినా ఏదన్నా తేలకపోతే గురువు గారి దగ్గరికే వెళతారు. ఈసారి తేలనిది పది రోజులుగా తేలడం లేదు. దాని కోసమే దస్తగిరి గారు శనివారం మూడింటికి వస్తానన్నారు. ఇవాళే శనివారం.

"ఎంతసేపైందండీ వచ్చి?"

"మూడింటికొచ్చా."

"ఆయన ఇంట్లోనే ఉన్నారే."

"ఉన్నాడు. స్కూటరుంది. చెప్పులున్నాయి."

"బెల్లు కొట్టలేదా?"

"కొట్టా. మోగలా."

నాకు ఒళ్ళు మండింది. దాని వైరు ఇంకా అతకలేదన్నమాట.

"పిలవకపోయారా?"

"పిలిచా."

"ఫోనన్నా చెయ్యాల్సింది."

ఆయన తలెత్తి నా వైపు చూశారు. "ఆ పిల్ల చేతిలో ఫోనుందా ఆ రోజు?" అన్నారు.

తాళం చెవి కోసం బ్యాగులో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

*

ఆ రోజు గురించి చెప్పాలంటే ముందు ఆ సామాను గురించి చెప్పాలి.

మా ఇంట్లో ఒక గది ఉంది. మా అమ్మాయి వసుధ చదువుకుంటుందని కట్టించిన గది. వసుధ హాల్లో చదువుకుంటుంది. గదిలో ఆయన పాటలు వింటారు. గోడలకి దూది పలకలు. తలుపులో కూడా దూది కూరించారు. లోపల మనిషెత్తు స్పీకర్లు రెండు. నలభై కిలోల ఆంప్లిఫయర్లు రెండు, ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. వాటికి ముందొక డబ్బా, వెనకొక డబ్బా. కరెంటుని శుభ్రం చెయ్యడానికి ఇంకో డబ్బా. కరెంటుని కూడా కడుగుతారని నాకు అప్పటిదాకా తెలియదు. బియ్యం ఒక్కటే అనుకున్నాను.

పాట మాత్రం బాగుండేది. అబద్ధం చెప్పను. సన్నాయి పెడితే, వాయించే మనిషి ఊపిరి పీల్చడం కూడా వినపడేది.

దానికో జబ్బు పట్టుకుంది. ఎక్కడో సన్నగా గుంయ్ మంటోందని. ఆ చప్పుడు నాకు వినపడదు. అత్తయ్యకి వినపడదు. వసుధకి వినపడదు. ఆయనొక్కరికే వినపడుతుంది. దాని కోసం ఇల్లంతా గాలించారు. ఫ్రిజ్ ఆపారు. పాలు విరిగాయి. మర్నాడు మళ్ళీ ఆపారు. దోసెల పిండి పొంగి కిందికి కారింది. ఫోను గదిలో ఉంటే స్పీకర్లు గరగరమంటాయని దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టారు. చివరికి దొంగ దొరికింది. కాలింగ్ బెల్లు. దాని వైరు పీకేశారు.

"రెండ్రోజుల్లో వేరే బెల్లు పెడతా" అన్నారు.

అది శ్రావణం. ఆ రోజొచ్చింది కార్తీకంలో.

మంగళవారం. తుఫాను హెచ్చరికని స్కూలు పన్నెండింటికే వదిలేశారు. ఆయన కాలేజీకీ సెలవే. అత్తయ్య వేటపాలెంలో కూతురి దగ్గరుంది. నేను మునిసిపల్ ఆఫీసులో, జనన మరణాల సీట్లో. వసుధకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పీల్చే మందు అయిపోయింది, కొత్తది ఇంట్లో ఉంది. వానలో నడిచొచ్చింది. బెల్లు నొక్కింది. పిలిచింది. ఉబ్బసం తిరగబెట్టిన మనిషి గొంతు ఎంత పైకి లేస్తుంది.

నలభై నిమిషాలు.

ఎదురింటి శేషమ్మ గారు దండెం మీద బట్టలు తియ్యడానికి బయటికొచ్చి చూసేసరికి పిల్ల మెట్టు మీద పక్కకి ఒరిగిపోయి ఉందట. పెదాలు నేరేడుపండు రంగు. ఆవిడే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆవిడే నాకు ఫోను చేసింది.

రెండింటికి ఆయన మంచినీళ్ళకి గదిలోంచి బయటికొచ్చి, వీధి తలుపు తీసి, మెట్టు మీద స్కూలు సంచీ చూశారు. పిల్ల వచ్చేసిందనుకుని ఇల్లంతా వెతికారట. బాత్రూం తలుపు కూడా కొట్టారట.

మూడో రోజు వసుధ సరిగ్గా మాట్లాడగలిగాక అడిగాను, ఎదురింటికన్నా పోకపోయావా అని.

"నాన్న లోపలున్నాడు కదమ్మా" అంది. "వింటాడనుకున్నా."

*

పిల్ల ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే ఆయన ఆ సామానంతా అమ్మేశారు. గుంటూరు నుంచి ఒక డాక్టరు గారు వ్యాను తెచ్చుకుని పట్టుకెళ్ళారు. నేను అమ్మమనలేదు, వద్దనలేదు. ఇంక మామూలు మనుషుల్లా బతుకుతాం అనుకున్నాను.

వారం తిరక్కుండా ఒక డబ్బా వచ్చింది.

"చిన్న ఆంప్లిఫయర్. అన్నీ ఇందులోనే. ఇంక ఇదొక్కటే" అన్నారు.

రెండ్రోజులకి ఇంకొకటి.

"పోల్చి చూడాలిగా."

మళ్ళీ రెండ్రోజులకి మూడోది.

"ఇది ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది."

తగ్గించుకోవడానికి మూడు డబ్బాలు. మళ్ళీ ఆ గదే, ఆ తలుపే, ఆ కుర్చీయే. దేని వైరు దేనికి కలపాలో రాత్రుళ్ళు కాగితం మీద బొమ్మలు.

పిల్లని చూడ్డానికొచ్చిన చుట్టాలకి, వాళ్ళ చేతిలో యాపిల్ పళ్ళ సంచీ ఇంకా కింద పెట్టకుండానే చెప్పేవారు. అంతా వదిలేశాను, ఇరవై వాట్లకి దిగిపోయాను అని. మా పెదనాన్న గారబ్బాయి "ఎంత త్యాగం బావగారూ" అన్నాడు. ఆయన కాదనలేదు. కొంచెం తల కూడా వంచారు.

బెల్లు వైరు మాత్రం గుమ్మం పైన వేలాడుతూనే ఉంది.

"అదెంత, అయిదు నిమిషాల పని. ముందిది తేలనీ" అనేవారు.

నేను తిట్టాను. ఏడ్చాను. రెండ్రోజులు మాట్లాడ్డం మానేశాను. మానేసిన సంగతి ఆయనకి మూడో రోజు తెలిసింది. అప్పుడు వెళ్ళాను దస్తగిరి గారి షాపుకి. జరిగింది చెప్పాను. మీ శిష్యుడికి మీరే చెప్పాలి, నా వల్ల కావడం లేదు అన్నాను. ఆయన అంతా విని, "నలభై నిమిషాలా" అని మాత్రం అన్నారు.

*

"ఆ తాళం చెవి లోపల పెట్టుకోమ్మా" అన్నారు దస్తగిరి గారు. "పిల్లెప్పుడొస్తుంది?"

"నాలుగున్నరకి. స్పెషల్ క్లాసు."

"అయితే కూర్చుందాం."

"తడిసిపోయారండీ. జ్వరం తెచ్చుకుంటారు."

"వస్తే రానీ. కూర్చో."

కుచ్చిళ్ళు పైకి దోపుకుని పక్కన కూర్చున్నాను. మా వరండా కప్పు పొట్టిది, మెట్టు దాకా రాదు. నీళ్ళు సరిగ్గా మెడ మీద పడతాయి. లోపల్నుంచి సన్నాయి. మూడు డబ్బాల్లో ఏదో ఒకటి మోగుతోంది. గురువు గారు వచ్చేలోగా ఒక్కసారి విని చూసుకుందామని కూర్చుని ఉంటారు. ఇంక వాచీ చూసుకుని ఉండరు.

అత్తయ్య ఎదురింట్లోంచి గొడుగేసుకుని వచ్చింది. శేషమ్మ గారింట్లో మగ్గం ఉంది. ఊసుపోక అక్కడ నూలు కండెలు చుట్టడానికి వెళుతుంది.

"ఏంది దస్తగిరన్నా, ఇందాకట్నుంచీ చూస్తన్నా. ఆ మెట్టు మీద కూచుని పొదుగుతున్నావా ఏంది?"

"పొదుగుతున్నా నాగరత్నమ్మా. నీ కొడుకు ఇంకా గుడ్డు పగలగొట్టుకుని రాలా."

"నలభై ఎనిమిదేళ్ళ నుంచీ నేను పొదుగుతూనే ఉన్నా. ఉండు, నేను పిలుస్తా."

"వద్దు. కూచో."

"మీకేమన్నా పిచ్చా?" అని అత్తయ్య నన్నడిగింది. నాకూ అదే సందేహంగా ఉంది. ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. గొడుగు ముగ్గురికీ చాలలేదు.

కాసేపటికి తనలో తను అన్నట్టుగా అంది. "మా ఇంట్లో రెండు మగ్గాలు. దడదడా దడదడా, పక్కనున్న మనిషి మాట వినపడదు. అయినా వీడు ఉయ్యాల్లో కదిలితే నాకు తెలిసేది. ఏడవక్కర్లా. కదిలితే చాలు. ఆ చెవులు వీడికి రాలా."

"వచ్చినయ్" అన్నారు దస్తగిరి గారు. "ఎక్కడ పెట్టుకున్నాడో మర్చిపోయాడు."

నాలుగున్నరకి ఆటో వచ్చి ఆగింది. వసుధ దిగి, మా ముగ్గుర్నీ చూసి, గేటు దగ్గరే నిలబడిపోయింది.

"ఎవరికేమైంది?" అంది.

"ఎవరికీ ఏం కాలేదు. రా."

"మరి బయటెందుకున్నారు?"

"మీ నాన్న లోపలున్నాడు" అంది అత్తయ్య.

వసుధ మెట్టు వైపు చూసింది. ఆ రోజు నుంచీ అది ఆ మెట్టు మీద కాలు పెట్టదు. దాటి పైకెక్కుతుంది. ఇప్పుడు మేమంతా దాని మీదే ఉన్నాం. గోడవారగా నిలబడింది.

దస్తగిరి గారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. "ఇప్పుడు తియ్యమ్మా" అన్నారు.

*

గది తలుపు పిడికిలితో బాదాల్సి వచ్చింది. ఆయన తీశారు.

"గురువు గారూ, రండి రండి. ఇప్పుడేనా రావడం?"

"మూడింటికి."

ఆయన గోడ గడియారం చూశారు. మా నలుగుర్నీ చూశారు. మా బట్టల్లోంచి నేల మీదికి కారుతున్న నీళ్ళు చూశారు.

"బెల్లు..." అన్నారు.

"బెల్లు సంగతి నేనడగలా. ఏదో తేలలేదన్నావుగా. చూపించు."

నాకు దస్తగిరి గారి మీద కూడా చిరాకొచ్చింది. గంటన్నర వానలో నానింది ఈ డబ్బాలు చూడ్డానికా.

మా ఆయన మొదలుపెట్టారు. ముందు కొంచెం తడబడ్డారు, తర్వాత అలవాటు మీద గొంతు తేరుకుంది. ఇది వెచ్చగా పలుకుతుంది గురువు గారూ, మనిషి గొంతు ముందుకొస్తుంది. ఇది బాగా స్పష్టం, కానీ కొంచెం పొడి. ఇది మధ్యస్తం, కాకపోతే కింది స్వరాల్లో నిండుదనం చాలదు.

"పెళ్ళిచూపులు చూసొచ్చినట్టు చెబుతున్నాడే" అంది అత్తయ్య నా చెవిలో.

"ఎక్కడ కూచుని వింటావు?" అన్నారు దస్తగిరి గారు.

ఆయన కుర్చీ చూపించారు. దాని నాలుగు కాళ్ళ చుట్టూ నేల మీద టేపు అంటించి ఉంది. "సరిగ్గా ఇక్కడే కూర్చోవాలండీ. జానెడు అటైనా ఇటైనా తేడా వచ్చేస్తుంది."

"జానెడు."

"అవునండీ."

దస్తగిరి గారు ఆ కుర్చీలో కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడ్డారు.

"పేరాల పందిట్లో నిన్నెక్కడ నిలబెట్టేవాణ్ణి?"

"చివర."

"చివరంటే?"

మా ఆయన గొంతు తగ్గింది. "అందరికన్నా చివరి గోనెపట్టా మీద కూర్చున్న ముసలమ్మ పక్కన."

"ఏం చెయ్యమనేవాణ్ణి?"

"అవ్వా, వినపడుతోందా అని అడగమనేవారు."

ఈ సంగతి పెళ్ళైన కొత్తలో ఆయనే నాకు చెప్పారు. దస్తగిరి గారు స్టేజీ దగ్గర నిలబడి ఎప్పుడూ వాల్యూం పెట్టలేదట. చివరి మనిషి దగ్గరికి నడిచి, అక్కడ విని, తిరిగొచ్చి నాబ్ తిప్పి, అది ఆగిన చోట ఆకువక్కల పెట్టెలోంచి చిటికెన వేలితో సున్నం గీత పెట్టేవారట. ఒక్కో చోటుకి ఒక్కో గీత. రామాలయం గీత, దర్గా గీత, మార్కెట్టు గీత. ఒకసారి మా ఆయన గురువు గారి మెప్పు కోసం ఆ ఆంప్లిఫయర్ని కిరసనాయిలు పోసి తళతళలాడేట్టు తుడిచారు. గీతలన్నీ పోయాయి. దస్తగిరి గారు ఒక్క మాట అనలేదు. ఆ ఏడాదంతా ప్రతి పందిట్లోనూ శిష్యుణ్ణే చివరిదాకా నడిపించి, ప్రతి అవ్వనీ అడిగించి, గీతలన్నీ అతని వేలితోనే మళ్ళీ పెట్టించారు.

ఇప్పుడు దస్తగిరి గారు బల్ల మీదికి చెయ్యి చాపి, ఒక డబ్బా మీద తట్టారు.

"ఇది తీసుకో."

"ఇదా. ఎందుకని గురువు గారూ?"

"చేతికందింది."

"కానీ కింది స్వరాల్లో ఇది..."

"నడువు."

పది రోజులుగా తేలనిది అలా తేలింది. మా ఆయన దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని హాల్లోకి వచ్చారు. రెండు చిన్న స్పీకర్లూ నేనూ వసుధా మోశాం. వంటింటి గుమ్మం పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. దస్తగిరి గారు దాని మీదున్న జాకెట్టు గుడ్డలు తీసి కింద పెట్టారు.

"ఇక్కడ."

"హాల్లో ప్రతిధ్వని వస్తుందండీ. వంటింటి చప్పుళ్ళు. గదిలోనైతే తలుపేసుకుంటే..."

"నేను పందిట్లో పనిచేసినవాణ్ణిరా. పందిరికి తలుపులుండవు."

*

తర్వాత మమ్మల్ని ఎక్కడెక్కడ నిలబడాలో చెప్పారు. అత్తయ్య పెరట్లో కుళాయి దగ్గర. నేను పొయ్యి దగ్గర.

"ఊరికే నిలబడకమ్మా. నీ పని నువ్వు చేసుకో. టీ పెట్టు, నేనూ తాగుతా."

మా ఆయన్ని హాల్లో కుర్చీలో కూర్చోమన్నారు, వీధి తలుపుకి వీపు పెట్టి. "నీకెంత కావాలో అంత పెట్టుకో" అన్నారు. ఆయన సన్నాయి పెట్టి, నాబ్ తిప్పి, కూర్చున్నారు. పెద్దగా ఏం పెట్టలేదు. ఎవరైనా పెట్టుకునేంతే.

"నాగరత్నమ్మా, కొడుకుని పిలువు."

"ఒరే చలపతీ."

ఆ పిలుపుకి ఎదురింట్లో మగ్గం ఆగింది.

"ఇది లెక్కలోకి రాదు" అన్నారు దస్తగిరి గారు. "మగ్గాల మధ్య పెరిగిన గొంతు." తర్వాత వసుధ దగ్గరికి వెళ్ళారు. "నువ్వు బయటికెళ్ళి నిలబడాలమ్మా. తలుపేసుకుంటా. ఆ రోజు ఎట్టా పిలిచావో అట్టాగే పిలువు. అంతకన్నా గట్టిగా వద్దు."

"వద్దండీ" అన్నాను వంటింట్లోంచి. "దాన్ని మళ్ళీ అక్కడ నిలబెట్టొద్దు. మీరేం చెప్పినా వింటారాయన. నోటితో చెప్పండి చాలు."

దస్తగిరి గారు నా వైపు తిరగలేదు. వసుధ వైపే చూస్తున్నారు.

"పర్లేదమ్మా" అంది వసుధ.

గొడుగు తీసుకుని వెళ్ళింది. ఆ మెట్టు మీద నిలబడింది. తలుపు మూసుకుంది.

దస్తగిరి గారు కుట్టుమిషను పక్కన, కిటికీకి దగ్గరగా నిలబడ్డారు. అక్కణ్ణుంచి ఆయనకి పిల్ల మొహం కనపడుతుంది. మా ఆయనకి కనపడదు. నాకూ కనపడదు.

సన్నాయి సాగుతోంది. టీ నీళ్ళు మరగడం మొదలైంది.

"పిలిచింది" అన్నారు దస్తగిరి గారు.

మా ఆయన చటుక్కున తల తిప్పారు. దస్తగిరి గారు నాబ్‌ని కొంచెం వెనక్కి తిప్పారు.

వాన. సన్నాయి.

"పిలిచింది."

ఇంకొంచెం తిప్పారు. మా ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నారు. మెడ నరాలు కనపడుతున్నాయి. కళ్ళు మూసుకుని వింటున్నారు. ఇంట్లో ఎవరికీ వినపడని గుంయ్ వినే మనిషి.

"పిలిచింది."

నాకూ వినపడలేదు. మూడుసార్లూ వినపడలేదు. పొయ్యి మంట తగ్గించాను.

దస్తగిరి గారు ఇంకొక్క పిసరు తిప్పారు. సన్నాయి ఇప్పుడు రెండు వీధుల అవతల పెళ్ళిలో వాయిస్తున్నట్టుంది.

"నాన్నా."

గాలి ఎక్కువ, గొంతు తక్కువ. రెండో అక్షరం సగంలోనే ఆగిపోయింది.

ఆ పిలుపు నేను అప్పటిదాకా వినలేదు. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను.

కుర్చీ వెనక్కి పడింది. నేను వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన తలుపు తీసి నిలబడి ఉన్నారు. గడప ఇవతల ఆయన, మెట్టు మీద వసుధ.

"వినపడిందా నాన్నా?"

తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు. వసుధ గొడుగు ఆయన చేతికిచ్చింది, అదేదో ఆయన తడుస్తున్నట్టు.

వెనకాల దస్తగిరి గారు ఆకువక్కల పెట్టె మూత తీసిన చప్పుడు. చిటికెన వేలితో సున్నం తీసి, నాబ్ ఆగిన చోట గీత పెట్టారు. మిగిలిన సున్నం ఆకుకి రాసుకున్నారు.

*

టీ పొంగి పొయ్యి మీద పడింది. మళ్ళీ పెట్టాను.

నేను గ్లాసులతో వచ్చేసరికి మా ఆయన స్టూలు మీద ఎక్కి ఉన్నారు, నోట్లో స్క్రూడ్రైవరు. ఎవరూ చెప్పలేదు. గడియారం చూశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన అయిదన్నారు.

వసుధ బయటికెళ్ళి బెల్లు నొక్కింది. మాది పిట్ట కూత బెల్లు, ఎప్పుడూ నచ్చేది కాదు నాకు. కూసింది. ఇంకోసారి నొక్కమన్నాను.

పాట ఆగి ఇంకో పాట మొదలయ్యే మధ్యలో స్పీకర్లోంచి సన్నగా గుంయ్ మంది. ఈసారి నాకూ వినపడింది. ఆయన స్టూలు మీదే ఆగి విన్నారు. మేమందరం ఆయన్నే చూస్తున్నాం. అత్తయ్యయితే గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపేసింది.

ఆయన స్టూలు దిగారు. స్క్రూడ్రైవరు సొరుగులో పెట్టి, సొరుగు మూశారు.

"ఆ గది తలుపు పీకేటప్పుడు దూది పారెయ్యమాకండి" అంది అత్తయ్య. "దిళ్ళు కుట్టిస్తా."

దస్తగిరి గారు టీ తాగి లేచారు. మా ఆయన ఆయన ముందు నిలబడ్డారు, పద్నాలుగేళ్ళ పిల్లాడు నిలబడ్డట్టు.

"నేను చాలా తగ్గించుకున్నాననుకున్నా గురువు గారూ" అన్నారు. "ఇంకా ఎంతకి దిగాలి? ఎన్ని వాట్లకి?"

"నాకు వాట్లు తెలీవురా" అన్నారు దస్తగిరి గారు. తువ్వాలు భుజాన వేసుకున్నారు. "పిలుపు కన్నా ఒక గీత తక్కువ."

*

ఆరుంబావు. ముసురు తగ్గలేదు. ఆయన తన రెయిన్‌కోటు గురువు గారికి తొడిగి, తను ఉత్త చొక్కాతో స్కూటరు తీశారు. గురువు గారి ఇల్లు పేరాలలో, పది నిమిషాల దారి. రైల్వే గేటు దగ్గర నీళ్ళు నిలిచాయని పొద్దునే ఆఫీసులో అన్నారు.

నేను కూర తరుగుతూ కూర్చున్నాను. పాట ఆపలేదు. గీత దగ్గరే ఉంది.

పెరట్లో అత్తయ్య కాళ్ళు కడుక్కుంటోంది. వసుధ హాల్లో పుస్తకం ముందేసుకుని తల ఆరబెట్టుకుంటోంది. దాని ఊపిరి ఇక్కడికి వినపడుతోంది, మామూలుగా ఉంది. ఆరూ నలభైకి దస్తగిరి గారి కోడలు ఫోను చేసింది, మామయ్య చేరారు, తల తుడుస్తున్నానక్కా అని.

మనసులో లెక్క వేసుకున్నాను. ముగ్గురు క్షేమం.

ఆరూ యాభై. ఏడు. కత్తిపీట పక్కన పెట్టి, లేచి, కూర్చున్నాను.

గేటు గొళ్ళెం. స్కూటరు స్టాండు. తలుపు తీసే ఉంది. వసుధ కనపడుతూనే ఉంది. అయినా ఆయన మెట్టు మీద ఆగి బెల్లు కొట్టారు.

నలుగురు. తర్వాత నన్నూ లెక్కలో వేసుకున్నాను. అయిదుగురం.